తోడికోడలి అక్షరాలకు చాకిరీ

ఊళ్ళో ఎటు చూసినా మా తోడికోడలి చేతిరాతే. బేకరీ బోర్డు మీద అదే, పూల దుకాణం మీద అదే, చివరికి పళ్ళ డాక్టరు తలుపు మీద కూడా అదే. ఏదో కంపెనీవాళ్ళు ఆమె రాత చూసి ముచ్చటపడి, ఒక్కో అక్షరాన్నీ విడివిడిగా కాగితం మీద రాయించుకుని ఫాంటు చేశారు. అప్పటినుంచి మా మరిది కాలు నేల మీద ఆనడం లేదు.

నేనేమో ప్రెస్సులో కంప్యూటరు ముందు కూర్చుని కార్డులూ బోర్డులూ తయారుచేసే మనిషిని. వచ్చిన ప్రతివాళ్ళూ "ఆ తోకల అక్షరాలే వెయ్యండి" అంటారు. నాకు ఒళ్ళు మండుతుంది. ఆ తోకలు విడిగా చూస్తే బాగుంటాయి గానీ, పక్కపక్కన పెట్టామా, ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి. పై వరుస కొసలు కింది వరుస నెత్తిన పడతాయి. ఒక్కోదాన్నీ పట్టుకుని జరిపి, కొస కత్తిరించి, ఒంపు తగ్గించి నేను దారికి తెస్తాను. పేరు ఆమెకు, మెడనొప్పి నాకు. ఇంట్లో ఎవరైనా ఆ రాతను మెచ్చుకుంటే ఆమె తల వంచుకుని ముసిముసిగా నవ్వుతుంది. అది చూస్తే నాకు ముద్ద దిగదు.

ఇంతలో నా కూతురి పెళ్ళి కుదిరింది. దాని కార్డు నాకు నచ్చిన అక్షరాలతో, నా పనిగా రావాలని ఎన్నాళ్ళనుంచో ఆశ. అదేమో "పిన్ని అక్షరాలే కావాలమ్మా" అంది.

"మీ అమ్మ చేసే పని ఇదేనని గుర్తుందా నీకు?"

"నువ్వు టైపు చేస్తావు. రాసింది పిన్ని కదా."

ఆ మాట సూటిగా గుచ్చుకుంది. సరే కానిమ్మని ఆ ఫాంటులోనే కార్డు కట్టాను. ఒక్క తోక కూడా సర్దలేదు. చూసి అదే వద్దంటుందని నా ఎత్తు. పెళ్ళికూతురి పేరూ పెళ్ళికొడుకు పేరూ జుట్టూ జుట్టూ పట్టుకున్నట్టు వచ్చాయి.

ప్రూఫు చూసి కూతురు మొహం చిన్నబుచ్చుకుంది గానీ వద్దనలేదు. తిన్నగా వెళ్ళి పిన్నిని ప్రెస్సుకు వెంటబెట్టుకు వచ్చింది.

తోడికోడలు ఆ కాగితం చూసింది. గోడకు తగిలించిన పాత కార్డుల వంక చూసింది. మళ్ళీ కాగితం చూసింది. కూతురు ఫోను మాట్లాడటానికి బయటికి వెళ్ళగానే నా దగ్గరికి జరిగింది.

"అక్కా, నేను రాసిచ్చినవి ఇవే. మరి గోడ మీదవి?"

"నేను సర్దినవి."

"బేకరీ బోర్డు?"

"అదీ నేనే."

ఆమె బల్ల మీద కూలబడింది. "అందరూ మెచ్చుకుంటుంటే నా గొప్పే అనుకున్నాను" అంది. ఎన్నేళ్ళుగానో వినాలనుకున్న మాట అది. నేనెంత కుళ్ళుబోతునైనా తెర మీద ఉన్నది నా బిడ్డ పేరు. కుర్చీ ముందుకు లాక్కుని, ఆమె చూస్తుండగానే రెండు పేర్లనూ సర్దాను.

కూతురు లోపలికి వచ్చి చూసింది. "చూశావామ్మా, పిన్ని వచ్చి నిలబడితే చాలు" అంటూ వెళ్ళి ఆమెనే వాటేసుకుంది.

ఆమె చెబుతుందేమోనని ఎదురుచూశాను. దాని వీపు నిమురుతూ ఊరుకుంది. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర నా చెయ్యి పట్టుకుని, "దానికి చెప్పకక్కా" అంది మెల్లగా. చెప్పనని మాటిచ్చాను.

నా కూతురు ఆ కార్డుకు ఫ్రేము కట్టించి హాల్లో పెట్టుకుంది. వచ్చినవాళ్ళందరికీ మా పిన్ని రాత అని చూపిస్తుంది, నేను పక్కన ఉండగానే.