కొండకు పోయొచ్చినవాళ్లు

తిరుచానూరులో మా ఇంటి ఓనరమ్మ రోజూ టిఫినయ్యాక ఫోన్లో చూసి నేర్చుకుంటూ బంకమట్టితో మనుషుల తలలు చేసేది. జుట్టు దగ్గరే ఆమెకు చేయి తిరిగేది కాదు. పిట్టగోడ మీద ఆరబెట్టినవన్నీ నున్నటి గుండ్లే.

"ఏమక్కా, ఒకరికీ జుట్టు లేదే?" అని వీధిలోవాళ్లు నవ్వేవాళ్లు.

"అందరూ కొండకు పోయొచ్చినార్లే," అనేది, చేతిలో పని ఆపకుండానే.

ఒక పొద్దున నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని నా ముఖం చేసింది. తర్వాత వంటింట్లోంచి మురుకుల గొట్టం తెచ్చి, అందులో మట్టి కూరి, ఆ బొమ్మ తల మీద వత్తింది. నా ఉంగరాల జుట్టు చుట్టలు చుట్టలుగా దిగింది.

నవ్వినవాళ్లంతా చూడడానికి వచ్చారు. ఓనరమ్మ మట్టి చేతులు నడుముకు పెట్టుకుని నిలబడింది.

"సూడండి. ఈ పాప మాత్రం ఇంగా కొండకు పోలా."