మూడో ఫ్లోరు కేబుల్

పోలిరాజు పెంటకోట వదిలి నర్సీపట్నం వచ్చి చాలా ఏళ్ళయింది. ఎందుకొచ్చావని ఎవరైనా అడిగితే సముద్రం పడలేదంటాడు. అది అబద్ధం. తండ్రి తెప్ప మీద పెరిగినవాడికి సముద్రం పడకపోవడమేమిటి?

ఇరవయ్యేళ్ళప్పుడు నేవీలో చేరడానికి విశాఖపట్నం వెళ్ళాడు. పరుగులో అందరికంటే ముందొచ్చాడు. మర్నాడు డాక్టరు రంగురంగుల చుక్కలున్న పుస్తకం తెరిచి, ఇందులో ఏ అంకె కనిపిస్తోందని అడిగాడు. పోలిరాజుకి చుక్కలే కనిపించాయి. డాక్టరు పేజీ తిప్పాడు. అక్కడా చుక్కలే. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆకుపచ్చ, గోధుమ, ఎరుపు తనకి వేరువేరుగా కనబడవని ఆ రోజే అతనికి తెలిసింది. ఇంటికొచ్చి, పరుగులో పోయిందని చెప్పాడు. ఇసకలో అతన్ని దాటి పరిగెత్తినవాడు ఊళ్ళో లేడు, అందుకే ఎవరూ నమ్మలేదు. అక్కడేదో దొంగతనం చేసి తన్నులు తిని వచ్చాడన్నారు కొందరు. ఆ మాటా పడ్డాడు గానీ కళ్ళ సంగతి మాత్రం బయటపెట్టలేదు. ఊళ్ళో తలెత్తుకోలేక ఇటొచ్చేశాడు.

నర్సీపట్నంలో కేబుల్ టీవీ పని దొరికింది. స్తంభమెక్కి నల్ల వైరు లాగడమే, రంగులతో పనిలేదు. గణేశ్వరరావు గారనే కాంట్రాక్టరు దగ్గర కుదురుకున్నాడు, కొండలమ్మని పెళ్ళి చేసుకున్నాడు. ఆమెకి ఎర్ర చీర అనుకుని ముదురాకుపచ్చది పట్టుకొచ్చి, కొట్టువాడు మోసం చేశాడని వీధంతా వినబడేలా తిట్టాడు.

తర్వాత ఫైబర్ వచ్చింది. పెద్ద భవనాల్లో కింది గది నుంచి పై అంతస్తుల దాకా వేసే కేబుల్ పని మొదలైంది. చిటికెన వేలంత లావు, పైన పసుప్పచ్చ తొడుగు. తొడుగు కోస్తే లోపల పన్నెండు సన్నటి పోగులు, ఒక్కోటీ ఒక్కో రంగు. కింద సర్వర్ గదిలో ఏ రంగు ఏ గాట్లో పెడితే, పై అంతస్తు పెట్టెలోనూ అదే గాట్లో పెట్టాలి. మొదటిసారి ఆ పోగుల్ని అరచేతిలో పరుచుకున్నప్పుడు పోలిరాజుకి ఆ చుక్కల పుస్తకమే గుర్తొచ్చింది.

సోమేశ్ జోడీగా రావడంతో గట్టెక్కాడు. అతనిది రోలుగుంట దగ్గర చెరుకు రైతుల కుటుంబం. పోగు తీసి అందించినప్పుడల్లా పైకి అనేవాడు: "అన్నా, ఇది బ్లూ. ఇదిగో ఆరెంజ్. గ్రీన్ ఇస్తన్నాను." అది అతని అలవాటనుకున్నాడు పోలిరాజు. అందుకుని మెషిన్లో పెట్టి అతికించేవాడు. పోలిరాజు చేతి అతుకు అంత శుభ్రంగా చుట్టుపక్కల ఎవరికీ రాదని పేరు కూడా వచ్చింది. ఏళ్ళు అలా నడిచిపోయాయి.

మొన్న వేసవిలో బలిఘట్టం వెళ్ళే దారిలో కొత్తగా కట్టిన ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పని పడింది. లిఫ్టు పక్కనున్న షాఫ్టులోంచి కేబుళ్ళు పైకి లాగారు. అన్ని అంతస్తులూ అయ్యాయి, మూడో ఫ్లోరు పెట్టె మిగిలింది. ఆ ఉదయం సోమేశ్ బతిమాలాడు.

"రావికమతంలో మా బావమరిది పెళ్ళన్నా. గణేశ్వర్రావు గారికి సెప్తే పంపరు. ఈ ఒక్క పూటా సూసుకోవా?"

"నాను సూసుకుంటాను. ఎల్లు."

సోమేశ్ వెళ్ళబోయి ఆగాడు. "పోనీ, ఆ పెట్టి రేపొద్దున్న ఇద్దరం కలిసి సేద్దామేటి?"

పోలిరాజుకి పౌరుషం పొడుచుకొచ్చింది. "నాకు సేతకాదనుకున్నావేట్రా? బేగి ఎల్లు."

ఒంటరిగా కూర్చుని పోగులు విప్పాడు. కిటికీ వెలుగులో పట్టి చూశాడు, ఫోన్ లైటు వేసి చూశాడు. రెండు పోగులు మాత్రం ఒకే బురద రంగులో ఉన్నాయి. కింద ఒక్కో పోగులోకి లైటు కొట్టి, పైన ఏది వెలుగుతోందో చూసుకోవచ్చు. కానీ ఆ లైటు పెన్ను గణేశ్వరరావు గారి దగ్గరుంది. అడిగితే ఎందుకంటారు. వరండాలో నర్సు వెళుతోంది. అమ్మా, ఇది ఏ రంగు అని ఒక్క మాట అడిగితే సరిపోయేది. నోరు రాలేదు. ఊహించి పెట్టేశాడు.

మర్నాడు అన్ని ఫ్లోర్లలోనూ కంప్యూటర్లు నెట్‌కి పలికాయి, మూడోది పలకలేదు. గణేశ్వరరావు వచ్చి పెట్టె విప్పించి చూశాడు. ఆకుపచ్చ, గోధుమ తారుమారయ్యాయి. రంగులు చూసి అందించేది సోమేశే కాబట్టి, నేరుగా అతని మీదికి వెళ్ళాడు.

"గ్రీనుకీ బ్రౌనుకీ తేడా తెలీదేట్రా నీకు? సిన్నపిల్లల్ని అడిగినా సెప్తారు! ఆసుపత్రోళ్ళ ముందు నా పరువు తీసేశావు. రేపట్నించి నా పనికి రాకు!"

ఆసుపత్రి డాక్టరు, నర్సులు, ఊడ్చే ఆవిడ అందరూ చూస్తున్నారు. సోమేశ్ ఒక్కసారి పోలిరాజు వైపు చూశాడు. పోలిరాజు చూపు నేలమీది పలకల్లోకి దిగిపోయింది.

"తప్పయిపోనాదండి," అన్నాడు సోమేశ్. సంచీ తీసుకుని మెట్లు దిగాడు.

మెట్ల మలుపులో పోలిరాజు అతన్ని అందుకున్నాడు. "నిన్న నువ్వు లేవని ఎందుకు సెప్పలేదురా?"

"సెప్తే నిన్నడుగుతారు కదన్నా."

"అడిగితే ఏటి?"

సోమేశ్ గోడ వైపు చూశాడు. "నాకు తెలీదనుకున్నావేటి? మొదటి నెల్లోనే తెలిసింది. అందుకే కదా పైకి సెప్పీవోణ్ణి."

పోలిరాజు చెవులు భగ్గుమన్నాయి. ఇన్నేళ్ళుగా తను దాచుకున్నానని అనుకున్నదాన్ని వీడు దాచాడు. ఆ మనిషినే అంతమంది ముందు తిడుతుంటే తను చూస్తూ నిలబడ్డాడు. రెయిలింగ్ పట్టుకుని వెనక్కి తిరిగాడు. తర్వాత పైకెక్కాడు.

"ఆ పెట్టి నాను సేసినానండి. నాకు రంగులు కనబడవు."

గణేశ్వరరావు నమ్మలేదు. ఓ పోగు ఎత్తి పట్టాడు. "ఇదేటి?"

"తెల్దండి."

"మరిది?"

"గ్రీనేమోనండి."

ఒక నర్సుకి నవ్వాగలేదు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మూడో పోగు దాకా వచ్చాక గణేశ్వరరావే చెయ్యి దించేశాడు. "ఇన్నాళ్ళూ నాకాడ ఎలా నెట్టుకొచ్చావురా?"

"సోమేశ్ సెప్పీవోడండి."

సోమేశ్‌ని వెనక్కి పిలిపించారు. అందరి ముందూ ఇద్దరూ కూర్చుని పెట్టె సరిచేశారు. సోమేశ్ రంగులు చెప్పాడు, పోలిరాజు అతికించాడు. మూడో ఫ్లోరు పలికింది.

పని పోలేదు. కానీ సంగతి ఊరంతా పాకింది. టీ కొట్టు దగ్గర, నా చొక్కా ఏ రంగో చెప్పన్నా అని అడిగేవాళ్ళు తయారయ్యారు. తెల్దని చెప్పి టీ తాగుతాడు. అది అంత కష్టంగా లేదిప్పుడు. సోమేశ్‌ని క్షమించమని అడిగాడు కూడా. "ఒగ్గేయన్నా," అన్నాడతను. ఇప్పటికీ ఇద్దరూ కలిసే పనిచేస్తారు. సోమేశ్ రంగులు మునుపటిలాగే చెప్తాడు. మధ్యాహ్నం మాత్రం క్యారేజీ పట్టుకుని వేరే చోట కూర్చుంటున్నాడు.

కొండలమ్మకి కళ్ళ సంగతి చెప్పాడు పోలిరాజు. చీర గుర్తొచ్చి ఆమె పగలబడి నవ్వింది. సోమేశ్‌ని తిడుతుంటే తను తలదించుకుని నిలబడిన సంగతి మాత్రం ఇంకా చెప్పలేదు.