నా సైకిలుకు నిజంగా దిగిన ముల్లు

ప్రభువు ప్రేమించిన సహోదరులారా, సహోదరీలారా! ఎనభైల చివర ఆర్మూరు పసుపు మార్కెట్లో బస్తాలు మోసే రోజుల్లో నన్ను ఏలింది కల్లు, ఆ కల్లు దుకాణానికి నన్ను మోసుకుపోయింది నా పాత సైకిలు. సైకిలు బాగుచేసే షాపు సరిగ్గా దాని పక్కనే ఉండేది. బాగవడానికి పావుగంట, అందాక కూర్చున్న నేను లేచేసరికి పొద్దు గూకేది. వారానికి నాలుగు పంచర్లు! లోకంలోని ముళ్ళన్నీ నా చక్రం కోసమే మొలిచాయని ఇంటికొచ్చి చెప్పేవాణ్ణి, బీడీలు చుట్టే నా భార్య శాంతమ్మ నమ్మేది.

ముళ్ళు లేవు సహోదరులారా! వాల్వు విప్పి, దాని రబ్బరు లాగి జేబులో వేసుకుని, గాలి నేనే తీసేవాణ్ణి. ఒకనాడు శాంతమ్మ నా అంగీ ఉతకబోతే జేబులో ఏడు వాల్వు రబ్బర్లు దొరికాయి.

“ఏందయ్యా, ముల్లు దిగుతే గీ రబ్బర్లు నీ జేబులకెట్లొచ్చినయ్?”

నేను కథ అల్లేలోపే ఆమె మోకరించింది. “ప్రభువా, గీయన నోరు నీకెర్కే. నోటి సంగతి తర్వాత జూద్దువు గని, ముందుగాల చేతులకు పని నేర్పు!”

మరునాడు పంపు, ప్యాచీలు, సొల్యూషన్ తెచ్చి నా ముందు పెట్టింది. “ఇగ నీ పంచరు నీ వాకిట్లనే.” చెంచా కాడతో టైరు ఊడదీశాను, నేర్చుకోవడానికి ట్యూబుకు నేనే చిల్లి పొడిచాను, నీళ్ళలో ముంచి బుడగలు చూశాను, అంతవరకు బాగానే ఉంది, కానీ పసుపులో పుట్టిపెరిగినవాణ్ణి కదా, గాయమంటే పసుపేనని చిల్లికి పసుపు ముద్ద అద్ది గాలి కొట్టాను! అది చిమ్మిన చిమ్ముడుకు ఎదురింటి తెల్లమేక పచ్చమేక అయిపోయింది. సాక్ష్యంలో అతిశయోక్తి వద్దని మా పాస్టరు అయ్యగారు చెప్పారు గనుక, సగం మేకే.

అలా నేర్చుకుంటుండగా శాంతమ్మకు దగ్గు, జ్వరం ముదిరి ఊపిరాడలేదు. క్యారియర్ మీద కూర్చోబెట్టుకుని దవాఖానకు తొక్కుతుంటే, సరిగ్గా కల్లు దుకాణం ముందు వెనక చక్రం గాలి పోయి కూలబడింది! కనుచూపుమేర రిక్షా లేదు. లోపలి నుంచి పాత దోస్తులు, “రా మామా, పంచరయ్యే దాక ఒక్క ముంత!” అన్నారు. శాంతమ్మ రోడ్డు పక్కన కూలబడి, “ఇయ్యాల గూడనా అయ్యా?” అంది.

ఆ మాటకు నా గుండె చెరువైంది. షాపుకిస్తే పక్కన కూర్చుంటాను, కూర్చుంటే లేవను, ఆ సంగతి నాకు తెలుసు. “తండ్రీ, గిన్నేండ్ల పంచర్లన్నీ నాయే. గిదొక్కటి నాది గాదు. నా మాట ఎవ్వరు నమ్మరు, నువ్వే సాక్ష్యం చెప్పు!” అని అక్కడే పంపు, ప్యాచీలు పెట్టుకున్న సంచీ విప్పి, ట్యూబు లాగి, చెంపకు ఆనించి గాలి ఎక్కడ తగులుతుందో చూసి, ప్యాచీ వేశాను, టైరు లోపల తడుముతుంటే వేలికి చురుక్కున దిగింది తుమ్మముల్లు! రక్తంతోనే తీసి ఆమె అరచేతిలో పెట్టాను.

జ్వరంలోనూ నవ్వింది నా శాంతమ్మ. “గీ ముల్లు నిజమేనయ్యా. నడువు, తొక్కు.”

తొక్కాను సహోదరులారా! దవాఖాన దాకా ప్యాచీ ఊడలేదు, పది రోజుల్లో ఆమె లేచి తిరిగింది, ఆ దుకాణం గడప నేను మళ్ళీ తొక్కలేదు. దేవునికే మహిమ! ఆ ముల్లు ఇప్పటికీ నా బైబిల్లో ఉంది. నా మాట నమ్మనివారు దాన్ని తాకి చూడవచ్చు. మీలో ఎవరి బతుకు నడిరోడ్డున కూలబడినా ఆయనను పిలవండి, ఆయన వస్తాడు. సైకిలు కూలబడితే మాత్రం మా వాకిట్లోకి రండి, పంపు ఉంది, శాంతమ్మ చాయ్ పెడుతుంది.