పద్మజ సీటు పక్కన ప్రింటర్

నా అంత తెలివిగలోడు పటాన్‌చెరుల ఇంకోడు ఉంటడా చెప్పుండ్రి! నా చేతులతోని నేనే ఏం జేసుకున్ననో వినుండ్రి. నవ్వద్దు మల్ల.

మా వాల్వుల కంపెనీల డిజైన్ సెక్షనంతా యూనిక్స్ కంప్యూటర్లే. ప్రింట్లకు ఎల్‌పీడీ అని పాత సాఫ్ట్‌వేర్ నడుస్తుండె. దాంట్ల ఏ ప్రింటర్ పెట్టినా కంప్యూటర్ కంప్యూటర్‌కు పోయి దాని సెట్టింగ్ చేత్తోని రాసుకోవాలె. ఎవడు తిరుగుతడని అందరికీ ఒక్కటే ప్రింటర్ ఉంచిన, నా సిస్టమ్స్ రూంల. డ్రాయింగ్ కావాలంటే షెడ్డు దాటి నా దగ్గరికి రావాలె.

డిజైన్‌ల పనిచేసే పద్మజ గూడ వస్తుండె. వాళ్ల నాయన ప్లాంటు కొలువుకని కాకినాడ దిక్కు నుంచి వచ్చి ఇక్కడనే సెటిలైండు. కాయితం బయటికొచ్చేదాక నిలబడి ముచ్చట పెట్టేది. ప్రింట్ ఎంత లేటైతే నాకంత ఖుషీ!

ఓ రోజు చెమట తుడుచుకుంట, "నరేష్ గారూ, ఈ ఎండలో ఇంత దూరం నడవలేకపోతున్నానండీ. ఏదో ఒకటి చెయ్యరూ?" అన్నది.

గంతే! మా మేనేజర్ సారేమో "పాతదే ఉంచాల్నా, కప్స్ అనే కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టాల్నా? నువ్వే తేల్చు" అని ఎప్పటిసందో అడుగుతుండు. కప్స్ అయితే నెట్‌వర్క్‌ల ఉన్న ప్రింటర్లను అదే ఎతుక్కుంటది. ఆదివారం గూడ వచ్చి కప్స్ పెట్టిన. పద్మజ సీటు పక్కనే కొత్త ప్రింటర్! ఇగ మెచ్చుకుంటదని ఒకటే ఆశ.

మెచ్చుకున్నది. ఫోన్ల!

"సూపరండీ! కుర్చీలోంచి లేచే పనే లేదు."

ఇగ రాలే. తెల్లారి రాలే, ఆ తెల్లారి గూడ రాలే. తలుపు సప్పుడైతే చాలు, లేచి చూస్తున్న. చూస్తే సెక్యూరిటీ ఆయన! మస్తు యాదికొస్తున్నది భాయ్, అబద్ధమెందుకు.

ఉండబట్టలేక నేనే షెడ్డు దాటి పోయిన. "ప్రింటర్ ఎట్లున్నదో చెక్ చేద్దామని," అన్న. మర్నాడు గట్లనే. ఆ మర్నాడూ గట్లనే.

పద్మజ నా దిక్కు అదోరకంగ చూసింది. "రోజూ చెక్ చెయ్యాలాండీ? అంత నమ్మకం లేనిదైతే మళ్లీ పాతదే పెట్టెయ్యండి. అప్పుడు కబుర్లన్నా ఉండేవి."

నమ్మకం లేనిదా? నేను పెట్టింది? నాకు సుర్రుమన్నది. కబుర్ల సంగతి చెవినే పడలే!

"ఏం మాట్లాడుతున్నరు మేడం! ఇది నేను పెట్టింది. జిందగీల ఖరాబ్ కాదు. గ్యారంటీ!"

"హమ్మయ్య," అన్నది నిమ్మళంగ, స్క్రీన్ దిక్కు తిరుక్కుంట. "అయితే మీరు శ్రమపడి రానక్కర్లేదు కదండీ."

ఇప్పుడు ఆమె రాదు, నేను పోలేను. గా ప్రింటర్‌కు మాత్రం ఒక్కనాడన్నా జెర సుస్తీ గూడ చేస్తలేదు!