ఎవరి ఎడమ

మా అక్కకు నీళ్లు నిలిచి ఉంటే పడేది కాదు. సింకులో గిన్నె నానబెట్టినా, "ఆ చచ్చిన నీళ్లు పారబొయ్యవే" అని నా మీద గయ్యిమనేది.

ఆమె ఉద్యోగమే అది. కొత్తగా కడుతున్న పెద్ద అక్వేరియంలో, పగడాల తొట్టిలో నీళ్లు ఎటునుంచి ఎటు కదలాలో ఆలోచించి గీసేది. పగడాలు ప్రాణులే అయినా ఉన్నచోటు వదలవు కాబట్టి వాటికి తిండి తెచ్చేదీ, వాటి మీద మడ్డి కడిగేదీ నీళ్లే. కాసేపు ఎడమ గొట్టాలు, కాసేపు కుడి గొట్టాలు తోస్తే అల వచ్చిపోయినట్టు ఉంటుందని ఆమె లెక్క. అందుకే ఎడమ గొట్టాలకు ఎదురుగా రాళ్ల మధ్య పెద్ద సందు వదలమంది.

అక్క ఎప్పుడూ వెనకున్న పంపుల గదిలో నిలబడే ఆలోచించేది. సిమెంటుతో సముద్రపు రాళ్లు మలిచే మేస్త్రి అద్దం ముందు నిలబడి చూసుకునేవాడు. ఆమె ఎడమ అతనికి కుడి అయింది. నీళ్లు నింపి పంపు వేశాక చూస్తే, ఎడమ ధార రాతికి కొట్టుకుని వెనక్కి తిరుగుతోంది; రాతికి అవతలి మూలకు చేరడమే లేదు. గొట్టాలు మారుద్దామంటే అవి గోడతోపాటే కాంక్రీటులో ఉన్నాయి.

"ఎడమ అన్నానా, లేదా?"

"అన్నారు మేడమ్. ఎవరి ఎడమో అన్లేదు. చూడ్డానికొచ్చే జనానిదే అనుకున్నా. పంపులక్కూడా కళ్లుంటాయని నాకేం తెలుసు?"

తప్పు తనదేనని అక్క ఒప్పుకుంది. రాయి పగలగొట్టి సందు చేద్దాం, ప్రారంభం వాయిదా వెయ్యండి అని డైరెక్టరును బతిమాలింది.

"ఇంత అందంగా కుదిరాక ఎవరైనా పగలగొడతారామ్మా? నీళ్లు కదులుతూనే ఉన్నాయిగా."

"ఆ మూల కదలట్లేదు సార్."

"మూల ఎవడు చూస్తాడు?"

ఖాళీగా ఉంటే బాగోదని ఆ మూల కూడా పగడాలు దించారు. ప్రారంభం ఘనంగా జరిగింది. అక్క రోజూ జనం రాకముందే తొట్టి మీది వంతెనపై బోర్లా పడుకుని, పొడవాటి గొట్టంతో ఆ మూలకు నీళ్లు చిమ్మి మడ్డి లేపేది. భుజం పట్టేసి ఇంటికొస్తే బావ మందు రాసేవాడు.

"నన్నెప్పుడైనా ఇంత శ్రద్ధగా కడిగావుటే?"

"నువ్వు కదుల్తావుగా. కదలనప్పుడు చూద్దాంలే."

మెదడులో నరం చిట్లి కదల్లేకుండా పోయింది అక్కే. కడిగింది బావ. మాట ముద్దగా వస్తున్నా అడిగిందే అడిగేది: "మూలకు... ఎవరు చిమ్ముతున్నారు?" బావ పంపుల గదికి ఫోన్ చేశాడు. "అది ఎవరి డ్యూటీ కాదండీ. మేడమే ఊరికే చేసుకునేవారు" అన్నారు. బావ ఫోన్ పెట్టేసి, చిమ్ముతున్నారట అని ఆమెకు చెప్పాడు. నమ్మిందో లేదో తెలియదు. కళ్లు మూసుకుంది.

ఆమె పోయాక ఒక్కదాన్నే అక్వేరియానికి వెళ్లాను. ఆ మూల పగడాలు నారింజ, ఊదా రంగుల్లో తొట్టి మొత్తంలోకీ కళగా ఉన్నాయి. ప్రాణం లేచొచ్చింది. బతికించుకున్నారన్న మాట!

"అవి రబ్బరువమ్మా" అన్నాడు అద్దం తుడుస్తున్న మనిషి. "అసలువి చచ్చిపోయాయి. వీటికైతే ఏ బాధా లేదు."

జనం అక్కడే మూగుతున్నారు. ఒకావిడ నా చేతికి ఫోన్ ఇచ్చి, పిల్లలతో పాటు ఆ పగడాలన్నీ పడేలా ఫొటో తియ్యమంది. తీశాను.

"చాలా బాగా వచ్చిందండీ" అంది.