రష్యా అక్షరాల ఇంజిన్

మా ఆయన దాన్ని మా ఉక్కు ప్లాంటు పక్కనున్న ఖుర్సీపార్‌లో పాత ఇనుము కొట్లో కొన్నారు. గుప్పిట్లో ఇమిడే ఇంజిన్. చుట్టూ స్కూటర్ ఇంజిన్‌కున్నట్టే సన్నని రేకులు, ముందు మరలున్న ఇరుసు, నెత్తిన తిప్పే చిన్న కడ్డీ. ఇరుసు తిప్పితే లోపల పిస్టన్ ఆడేది. ప్లాంటు మెషిన్ షాపులో పనిచేసే మనిషికే అది దేనికో తెలీదు. అయినా కొత్త పెళ్ళికొడుకులా మురిసిపోయారు.

దాని ఒంటి మీద ఒక పక్కనున్న అక్షరాలు చూసి బెదిరిపోయాను. రష్యా అక్షరాలు. మా ప్లాంటుకి యంత్రాలొచ్చింది రష్యా నుంచే, వాటి మీదా అవే ఉంటాయి. అప్పటికి కొద్దిరోజుల కిందటే మా వెనక వీధి ఆయన్ని, టిఫిన్ క్యారియర్‌లో ప్లాంటు ఇత్తడి ముక్కలు దొరికాయని, సస్పెండ్ చేశారు. ఆయన భార్య కుళాయి దగ్గరికి రావడమే మానేసింది.

"ఇది ప్లాంటుది కాదని ఎలా సెప్తారు? కొట్టోడు రసీదిచ్చాడేటి?" అన్నాను.

"ఇంత సిన్నది ప్లాంటులో ఏటికే?"

"మరి దేనికో సెప్పండి."

నేను దాన్ని బియ్యం డబ్బాలో దాచాను. ఎవరు తలుపు కొట్టినా నా చూపు ఆ డబ్బా మీదికే పోయేది. పక్కింటి పిల్ల "దీదీ, థోడా చావల్ దేనా" అని కాసిని బియ్యం కోసం గిన్నె పట్టుకొస్తే కసురుకున్నాను, పాపం. చివరికి ఆయనతో తెగేసి చెప్పాను, అదేమిటో కనుక్కోండి, లేదంటే చెరువులో పారేయండి అని.

మర్నాడు ఆయన పొద్దుటి షిఫ్టుకి వెళ్ళాక చూస్తే డబ్బాలో అది లేదు. చెరువులో వేసుంటారని హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. అంతలో గుర్తొచ్చింది, వాళ్ళ ఫోర్‌మన్ రష్యాలో శిక్షణ పొందొచ్చారని. ఈ మహానుభావుడు దాన్ని ఆయనకి చూపించడానికి ప్లాంటు లోపలికే పట్టుకెళ్ళారు! లోపలికి వెళ్ళేవాళ్ళని ఎవరూ పట్టించుకోరు. బయటికొచ్చేటప్పుడు మాత్రం గిన్నె గిన్నె విప్పి చూస్తారు. గేటు పాసు లేకుండా మేకు కూడా బయటికి రాదు. మాదేనంటే నమ్మేదెవరు?

పప్పు మాడ్చాను. షిఫ్టు దిగే సైరన్ మోగింది. వీధిలోకి సైకిళ్ళన్నీ వచ్చాయి, ఈయనది రాలేదు. వీధి చివరికే చూస్తూ గడపలో కూర్చున్నాను. ఉద్యోగం పోతే క్వార్టర్ కూడా పోతుంది, పిల్లల్ని పట్టుకుని ఎక్కడికి పోవాలి?

అందరికంటే వెనక వచ్చారు. క్యారియర్ లాక్కుని గిన్నెలు విప్పాను. ఖాళీ.

"బొమ్మ ఇమానం ఇంజినంటే అది," అన్నారు, ముఖం వెలిగిపోతుంటే. "సార్ సూడగానే సెప్పీసినారు. ముందు పంకా బిగిస్తారట. రష్యాలో పిల్లలు ఆ ఇమానానికి తాడు కట్టి గిరగిరా తిప్పీవోరట. స్పార్కు ప్లగ్గే అక్కర్లేదట, నెత్తి మీద కడ్డీ తిప్పితే లోపల ఒత్తిడి పెరుగుద్దట."

"మరేదీ?"

"లోనకి తెచ్చినట్టు గేటు దగ్గర రాయించనేదు కదా, బయటికి పాసెలా ఇస్తానన్నారు సార్. సార్ బల్ల మీద ఎట్టీసి ఒచ్చీసినాను."

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. భయం తీరిన ఏడుపే అది. ఆయన మాడిన పప్పు మాటెత్తకుండా తినేశారు.

ఆ ఏడు, యంత్రాలకి చేసే విశ్వకర్మ పూజకి కుటుంబాల్ని ప్లాంటు లోపలికి రానిచ్చారు. ఫోర్‌మన్ గదిలో అద్దాల అలమరలో అది కనిపించింది. కుంకుమ పెట్టి, బంతిపువ్వు ఉంచారు. ప్లాంటు సామాన్లన్నిటికీ వేసినట్టే దాని ఒంటి మీదా తెల్లరంగుతో ప్లాంటు నంబరు వేశారు. మా ఆయన అద్దం మీద చెయ్యి ఆనించి నిలబడిపోయారు.

"సెయ్యి తియ్యండి, ఎవరైనా సూస్తారు," అన్నాను.

తీసేశారు.