రికార్డులో ఆరో సబ్జెక్టు

రాజమండ్రిలోని ఆ ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చాకిరీ రూబీది, పెత్తనం హెచ్.ఓ.డి. గంగాధర్ గారిది. ఏడేళ్లుగా ఇద్దరికీ ఉప్పూ నిప్పూ. ఆదివారం చర్చిలో రూబీ ఆయన్ని క్షమించేసి వచ్చేది. సోమవారం మొదటి పీరియడ్‌కే ఆ క్షమాపణ ఖర్చయిపోయేది.

ఈ ఏడు తగువు డీబగ్గర్ దగ్గర వచ్చింది. ప్రోగ్రాంలో బగ్, అంటే పురుగులా దూరిన తప్పు, ఎక్కడుందో వెతకడానికి గంగాధర్ గారు పెద్ద కంపెనీలు వాడే సాఫ్ట్‌వేర్ పెట్టించారు. ల్యాబ్‌లోని ముసలి కంప్యూటర్లలో అది తెరుచుకునేసరికి సగం పీరియడ్ అయిపోయేది. ఆ వంద బటన్లు చూసి ఫస్టియర్ పిల్లలు బిక్కమొహం వేసేవారు. రూబీ వారం రోజులు వెతికి చిన్నదాన్ని, ఉచితంగా దొరికేదాన్ని ఎక్కించింది. బటన్ నొక్కితే ఒక్కో లైనే నడుస్తుంది, ఏ విలువ ఎలా మారిందో పక్కనే చూపిస్తుంది.

"ఊరికే వచ్చేదానికి విలువుండదు రూబీ గారూ," అన్నారాయన. "పురుగు పడితే మందు కొడతాం గానీ, అది ఆకు మీద పాకుతుంటే చూస్తూ కూర్చుంటామా?"

"ఏ పురుగో తెలీకుండా కొడితే చేనే పోద్దండి."

ఆ చివరి 'అండి' ఆయనకు మరీ మండింది. జూన్‌లో ఆమె కాంట్రాక్టు మీద సంతకం పెట్టాల్సింది ఆయనే.

బుధవారం ఆయన ల్యాబ్‌కి వచ్చేసరికి అశ్విని అనే విద్యార్థిని ల్యాబ్ రికార్డు పుస్తకంలోని మూడో ప్రోగ్రాంని ఆ చిన్న టూల్‌లో నడుపుతోంది. మార్కులు కూడే ఆ ప్రోగ్రాం పదిహేనేళ్ల క్రితం గంగాధర్ గారు రాసిచ్చిందే. సీనియర్ల రికార్డు చూసి జూనియర్లు దించుతారు, మొత్తం చేత్తో కూడి 'అవుట్‌పుట్' అని రాస్తారు, ఆయన సంతకం పెడతారు. మెషీన్ మీద నడిపిన పాపాన ఎవరూ పోలేదు.

"మేడం, సబ్జెక్టులు ఐదే కదండీ. ఒక్కో సబ్జెక్టూ కూడే లూపు ఆరోసారి తిరుగుతోంది. ఈ మార్కులు ఎక్కడ్నించి వచ్చాయండి?"

గంగాధర్ గారి మొహం మాడిపోయింది. "ఉచితం సరుకు అలాగే ఏడుస్తుంది. ఇవాళే అన్నిట్లోంచీ తీసేయండి. లేదంటే జూన్‌లో నా సంతకం కోసం రాకండి."

టూల్ తప్పేనండి అంటే చాలు, రూబీ ఉద్యోగం ఉంటుంది. కానీ లూపుని ఆరోసారి తిప్పే ఆ లైను ఇదే కాలేజీలో చదివేటప్పుడు తనూ దించింది. ఏడేళ్లుగా పిల్లలచేత దించిస్తోంది. ఆయన మీద ఉన్న కోపం కంటే తన మీద ఎక్కువ కోపం వచ్చింది. ఎర్ర పెన్ను తీసి, అశ్విని రికార్డులో ఆయన సంతకం పైనున్న లైను కొట్టేసి సరిచేసింది.

"టూల్ తప్పు కాదమ్మా. సార్ రాశారు, నేను రాయించాను. అందరూ రికార్డులు తియ్యండి."

జూన్‌లో సంతకం పడలేదు. ఆ చిన్న టూలునీ అన్ని కంప్యూటర్లలోంచి పీకేశారు. జూలైలో చేరిన కొత్త పిల్లలు, ఆనవాయితీ ప్రకారం, సీనియర్ల రికార్డులు చూసి రూబీ దిద్దిన లైనే దించారు. కింద గంగాధర్ గారు సంతకం పెట్టారు.